ఒక్క శాతం

అమెరికన్ ఫుట్‌బాల్ తలగాయాల కేసు గురించి ఎవరు మాట్లాడినా వందల కోట్ల డాలర్ల దగ్గరే ఆగిపోతారు. నా చూపు మాత్రం ఆ ఒప్పందంలోని ఒక చిన్న అంకె దగ్గర ఆగిపోయింది. ఒక్క శాతం. మెదడు దెబ్బతిన్న ఆటగాడికి వచ్చే పరిహారంలో భార్యకీ, పిల్లలకీ, తల్లిదండ్రులకీ అందరికీ కలిపి ఇచ్చే వాటా అది. అదీ అతని సొమ్ములోంచి తగ్గించి ఇచ్చేదే.

పిట్స్‌బర్గ్ స్టీలర్స్ మాజీ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభయ్యేళ్లకే చనిపోయాడు. పదేపదే దెబ్బలు తగిలిన మెదడుకి వచ్చే సీటీఈ అనే వ్యాధిని డాక్టర్ బెనెట్ ఒమాలు అతని మెదడులో గుర్తించి, 2005లో వ్యాసం రాశాడు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ వేసిన కమిటీలోని డాక్టర్లు ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోమన్నారు. 2011లో మొదలైన దావాల్లో నాలుగున్నర వేలమందికి పైగా మాజీ ఆటగాళ్లు చేరారు. 2013లో 76.5 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. అది చాలదేమోనని జడ్జి అనీటా బ్రోడీ సందేహించాక పరిమితి ఎత్తేశారు. 2015లో ఆమె ఆమోదించింది. లీగ్ తప్పు మాత్రం ఒప్పుకోలేదు.

లీగ్ వైపు మాట్లాడేవాళ్లది ఒకటే మాట: తెలిసే ఆడారు, డబ్బు తీసుకున్నారు, ఇప్పుడు ఏడుపెందుకు? ప్రమాదాన్ని దాచిపెట్టారన్నదే దావా కాబట్టి, 'తెలిసే' అన్నమాట దగ్గరే పేచీ ఉంది. పోనీ, ఆటగాడు అన్నీ తెలిసే సమ్మతించాడనుకుందాం. మరి అతని భార్య ఎప్పుడు సమ్మతించింది? ఆమెనెవరు అడిగారు?

బాల్టిమోర్ కోల్ట్స్ ఆటగాడు జాన్ మాకీకి మతిమరుపు జబ్బు వచ్చాక, ఆరోగ్య బీమా కోసం అతని భార్య సిల్వియా పెద్దవయసులో విమానాల్లో ఉద్యోగానికి చేరింది. ఇంట్లో ఏం జరుగుతోందో లీగ్ కమిషనర్‌కి ఉత్తరం రాసింది. మతి తప్పిన మాజీ ఆటగాళ్ల సంరక్షణకి 2007లో వచ్చిన '88 ప్లాన్' వెనుక ఆ ఉత్తరం ఉంది. 88 మాకీ జెర్సీ నంబరు. పథకానికి భర్త అంకె మిగిలింది. రాసిన చెయ్యి సిల్వియాది.

పరిహారం లెక్కకట్టేటప్పుడు నల్లజాతి ఆటగాళ్ల తెలివితేటలు మొదట్నించీ తక్కువేనన్నట్టు పరీక్షల్ని సరిచేసేవారు. అంటే ఎంత నష్టపోయినా తక్కువ నష్టపోయినట్టే! దీనిమీద 2020లో ఇద్దరు ఆటగాళ్లు కోర్టుకెళ్లారు. 2021లో ఆటగాళ్ల భార్యలు దాదాపు యాభైవేల సంతకాలు సేకరించి కోర్టుకిచ్చారు. ఆ పద్ధతి ఆగింది.

అయితే ఒక్క శాతం బదులు పదో, పాతికో అడగాలా? భర్తకి చేసిన సేవకి ధర కట్టడమేమిటని మనలోనే కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. నాకూ ఉంది. కానీ ధర కట్టకపోవడం వల్ల ఆ చాకిరీ పవిత్రమైపోలేదు, ఉచితమైపోయింది. లీగ్ ఆదాయం లెక్కల్లోకి ఎక్కని ఖర్చుని ఆమె రాత్రిళ్లు మేలుకుని భరించింది. ఆట లాభసాటిగా ఉండటానికి అదీ ఒక కారణమే.

ఆటకి భవిష్యత్తు ఉందా అని అడిగినప్పుడు హెల్మెట్ల గురించీ, కొత్త నియమాల గురించీ చెబుతారు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఢీకొట్టుకోవడం లేని ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడబోతున్నారు, ఆడవాళ్లు కూడా. మంచిదే. ఆడవాళ్లు ఆటలోకి వస్తే చాలదన్న హెచ్చరికా ఉంది. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆడి, 28 ఏళ్లకే చనిపోయిన హెదర్ ఆండర్సన్ మెదడులో సీటీఈ ఉందని 2023లో తేలింది. వృత్తి క్రీడాకారిణుల్లో అలా నిర్ధారణ అయిన మొదటి మనిషి ఆమె. మగవాళ్లతో సమానంగా దెబ్బతినడం మనం కోరిన సమానత్వం కాదు.

రేపు ఏ లీగ్ అయినా ఒప్పందం రాసుకునేటప్పుడు, ఆటగాడు పడిపోయాక అతన్ని ఎవరు లేపుతారు, ఎన్నేళ్లు, ఎవరి ఖర్చుతో అన్నది మొదటి పేజీలోనే ఉండాలి. ఆ పేజీ రాసేచోట ఆమె కూడా కూర్చోవాలి.