ఊరి మీద బెంగ ఎవరి సొత్తు?

చిన్ననాటి ఊరి మీద బెంగ పెట్టుకుని రాసేవాళ్ళలో ఎక్కువమందికి ఆ ఊళ్ళో పొలమో పెరడో ఉంటుంది. వాళ్ళ బెంగకి సరిహద్దు రాళ్ళుంటాయి. సెంటు భూమి లేని సాయిబుల పిల్లాడు పెద్దవాడై ఊరికెళ్ళి దేన్ని చూసి బెంగపడాలి? తనది కానిదాన్ని పోగొట్టుకున్నానని ఏడ్చే హక్కు అతనికుందా? ఉండి వెళ్ళొచ్చిన ప్రతిసారీ నన్ను తినేసే ప్రశ్న ఇదే.

ఆకివీడు నుంచి ఉండి మీదుగా భీమవరం వెళ్ళే దారి పొడుగునా ఇప్పుడు చేపల చెరువులు, రొయ్యల చెరువులు. నీళ్ళని చిలికే ఏరియేటర్లు, మేత బస్తాల లారీలు. పచ్చటి చేలు పోయాయే అని గట్టిగా నిట్టూర్చేవాళ్ళలో, ఆ చేలు తవ్వించి లీజుకిచ్చి హైదరాబాదులో స్థిరపడినవాళ్ళు కూడా ఉన్నారు. చేలతో పాటు నాట్లు పోయాయి, కోతలు పోయాయి, పరిగె ఏరుకోవడం పోయింది. పంటకాలవలో గాలానికి పడే కొర్రమీనుకి అప్పట్లో యజమాని లేడు. ఇవాళ ప్రతి చేపకీ యజమాని ఉన్నాడు, గట్టు మీద కాపలా ఉంది. కాగితం లేనివాడు పోగొట్టుకున్నది కాగితంలో లేనిదే. అందుకే అతని నష్టం ఏ లెక్కలోకీ రాదు. కొల్లేరు సంగతి వేరు. అది 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు తెంచారు. మా కాలవ కోసం ఎవరు గట్లు తెంచుతారు?

మా దాదా ఊరూరా తిరిగి కళాయి పూసేవాడు. నేలలో చిన్న గొయ్యి, తోలుతిత్తి, బొగ్గులు, నవాసాగరం పొగ. కాలిన ఇత్తడి గిన్నెలో తగరం అద్ది గుడ్డతో ఒక్క చుట్టు తుడిస్తే లోపలంతా వెండిలా మెరిసేది. స్టీలు సామాన్లు వచ్చి ఆ పని పోయింది. ఆ మెరుపు నాకిప్పటికీ కావాలి. కాని ఆ పొగకి దాదా రాత్రంతా దగ్గేవాడు. ఆయన పూసిన గిన్నె మీద పసుపునీళ్ళు చల్లుకుని లోపలికి తీసుకెళ్ళే ఇళ్ళూ ఉన్నాయి. మెరుపు దాచుకుని పసుపునీళ్ళు వదిలెయ్యమంటే అది జ్ఞాపకం కాదు, కట్టుకథ.

"మన చిన్నప్పుడు హిందూ ముస్లిం తేడానే తెలీదురా" అంటారు నా స్నేహితులు. అబద్ధమాడరు. వాళ్ళకి నిజంగానే తెలీదు, తెలియాల్సిన అవసరం రాలేదు. అరుగు ఎక్కడితో ఆగుతుందో తెలుసుకోవాల్సినవాళ్ళం మేమే. 1992 డిసెంబరు 6 తర్వాత తేడా వాళ్ళకీ తెలిసింది. అందుకే అంతకు ముందంతా వాళ్ళకి స్వర్గంలా కనిపిస్తుంది. ఆ స్వర్గానికి సాక్షిగా నన్ను నిలబెడతారు.

పీర్ల పండగ సంగతీ అంతే. మా వైపు మొక్కుకునేవాళ్ళూ, గుండం తొక్కేవాళ్ళూ హిందువుల్లోనే ఎక్కువ. ఇవాళ మా కుర్రాళ్ళు అది షిర్క్ అంటారు. సభల్లో పెద్దమనుషులేమో పీర్లని మతసామరస్యానికి నమూనాగా చూపించమంటారు. ఒకరికి గుండం పూడ్చేయాలి, ఇంకొకరికి అద్దాల బీరువాలో పెట్టాలి. ఆ రాత్రి పీరు ముందు మా అమ్మీ ఏమని ఏడ్చిందో ఇద్దరికీ పట్టదు.

అమ్మీ వతన్ అంటే ఉండి అనే అర్థం. ఆమె సగం తెలుగు కలిసిన ఉర్దూలో ఆ మాటకి వేరే అర్థం లేదు. దేశమనే అర్థం నేను పేపర్లలో నేర్చుకున్నాను. దేశం మీద ప్రేమ రుజువు చేసుకోమనేవాళ్ళు ఈ మొదటి అర్థాన్ని రుజువుగా ఎందుకు తీసుకోరు?

నోస్టాల్జియా అనే మాటని 1688లో జోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి రోగం పేరుగా పుట్టించాడు. ఇంటికి పంపడమే దానికి మందన్నారు. ఇంటికెళ్ళాక మొదలయ్యే నొప్పి ఆ లెక్కలో లేదు.

మా ఖాలా కూతురు రొయ్యల ప్యాకింగుకి వెళ్తుంది, పొద్దున్నే వ్యానొస్తుంది. బోరు నీళ్ళు ఉప్పన, తాగడానికి క్యాన్లు కొంటుంది. చేలు పోయాయని నేనంటే, "భయ్యా, చేలున్నప్పుడు మనకేం ఉండేవి? నాకు ఈ నెల జీతం ఇంకా రాలేదు, అది రాయి" అంది. ఆమె కొడుక్కి చిన్నతనమంటే ఈ గట్లే. బడి నుంచి వచ్చి ఏరియేటర్ల చప్పుడులోనే నిద్రపోతాడు. కరెంటు పోయి అది ఆగితే ఉలిక్కిపడి లేస్తాడట.