తండ్రి అడిగిన ప్రశ్న

ఆర్మూరు ప్రాంతమున భీమగల్లు చెంత లింబాద్రి గుట్టపై శ్రీ లక్ష్మీనృసింహస్వామి వెలసియున్నాడు. కార్తిక మాసమున ఉత్సవములకు ఇందూరు సీమ యంతయు తరలివచ్చును. పిల్లలను వెంటబెట్టుకొని గుట్ట నెక్కు తల్లిదండ్రులు వారికి ప్రహ్లాదుని కథ చెప్పుదురు. ఏనుగులు, సర్పములు, అగ్ని, కడపట స్తంభము. వీనికన్న ముందు జరిగిన ఒక చిన్న ఘట్టము నన్ను చిరకాలముగ కలవరపెట్టుచున్నది.

హిరణ్యకశిపుడు కుమారుని ఒడిలో కూర్చుండబెట్టుకొని, నీకు మేలని తోచినదేమని అడిగెను. బాలుడు శ్రీహరినాశ్రయించుటయే మేలనెను. తండ్రి నవ్వి, బాలుని బుద్ధి పరుల మాటలచే చెడినదని తలచి, మరల గురువులకప్పగించెను. కొంతకాలమునకు మరల ఒడిలోనికి తీసికొని, శిరము మూర్కొని, ఆనందబాష్పములు రాల్చి, గురువులయొద్ద నేర్చినదానిలో ఉత్తమమేదని అడిగెను. ఈసారి సమాధానము విని మొదట గురువుపై మండిపడెను. పిదప బిడ్డను ఒడినుండి నేలకు త్రోసివైచెను.

ఆ తండ్రికి పుత్రప్రేమ లేదందుమా? ఆ బాష్పములు కపటములు కావు. ప్రశ్నయు నిజమైనదే. అతడు ఓర్వలేకపోయినది సమాధానమును.

ఆర్మూరు చుట్టుపట్ల పల్లెలలో ఒక గృహమును తలచుకొనుడు. ఇట్టివి అనేకము కలవు. తాత పసుపు పండించును. తొమ్మిది నెలలు నేలలోనున్న పంటను త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి నిజామాబాదు మార్కెట్టు యార్డునకు చేర్చును. అచట వర్తకుడు పై మెరుగును నమ్మక, కొమ్మును విరిచి లోపలి రంగు చూచును. తండ్రి దుబాయిలోనో, మస్కటులోనో కష్టపడుచుండును. తల్లి బీడీలు చుట్టును. ఇంటర్మీడియెటు చదువు పదునారేండ్ల కుమారుడు కొన్ని మాసములుగ నిద్రపోడు, అన్నము ముట్టడు, చిన్న మాటకు కంచము విసరును, తలుపు మూసికొనును. ఒకరు గాలి సోకినదందురు. ఒకరు సెల్‌ఫోను చెరిచినదందురు. వేరొకరు కాలేజీవారిని తిట్టుదురు. శుక్రవారము తండ్రి ఫోనుచేసి, "నీ కోసమే గదరా ఈ కష్టమంతా" అనును. ఆ మాటకు ఏ బిడ్డ యేమని బదులు చెప్పగలడు? 2019 ఏప్రిలులో ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడిన దినములలో తెలంగాణమున పలువురు విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. కనుక ఇది కాలము గడచిన తనంతట సర్దుకొనునని ఉపేక్షింపదగినది కాదు.

దీనికి చికిత్స కలదు. చికిత్స యనగా మందే కాదు. పలువురు పిల్లలకు మందు అవసరమే పడదు. మనోవైద్య నిపుణులు బిడ్డతో ఏకాంతమున మాట్లాడుదురు. పసివారైనచో ఆటలచేతను, బొమ్మలచేతను వారి మనస్సు నెరుగుదురు. పిదప తల్లిదండ్రులను, ఆ తరువాత ఇంటివారందరిని కూర్చుండబెట్టి, ఒకరు చెప్పునది వేరొకరు అడ్డుతగులక వినునట్లు చేయుదురు. 1950 దశకమున అమృతసరు మానసిక వైద్యశాలలో డాక్టరు విద్యాసాగర్ ఆవరణమున గుడారములు వేయించి, రోగులతోపాటు వారి కుటుంబములనుగూడ అచటనే ఉండనిచ్చెను. అన్నింటికిని తల్లిదండ్రులే కారణమనుట అన్యాయము. ఎంత చల్లని ఇంటనైనను కొన్ని వ్యాధులు పుట్టును. కాని బిడ్డ తిరిగి చేరవలసినది ఆ ఇంటికే గదా.

స్వామిని నమ్మినవారికి ఇదియంతయు ఏల యని కొందరు ఆస్తికులందురు. జ్వరము వచ్చినపుడు వైద్యుని పిలుచువారే ఈ మాట యనుట వింత. ఆయుర్వేదమును లోకమునకొసగిన ధన్వంతరి శ్రీహరి అంశయని భాగవతమే చెప్పుచున్నది. తీర్థము పుచ్చుకొని వైద్యునియొద్దకు పోయిన భక్తికి లోపమేమి? అక్కపెండ్లికి అడ్డమగునని దాచుట మాత్రము భక్తి కాదు, భయము.

ఇంతకన్న కఠినమైన ప్రశ్న ఒకటి కలదు. బిడ్డ ఏకాంతమున చెప్పినది, ప్రాణాపాయముగాని పరుల హింసగాని ఉన్నప్పుడు తప్ప, నిపుణులు సాధారణముగ కన్నవారికి చెప్పరు. ఇది న్యాయమా? నేనును మొదట కాదనియే తలచితిని. కన్నవారికి తెలియని రహస్యమేమని నా అభిమానము. పిమ్మట ఆ ఒడి జ్ఞప్తికి వచ్చినది. ప్రహ్లాదుడు త్రోయబడినను మాట మార్చలేదు, అతడు మహాభక్తుడు. మన పిల్లలు ప్రహ్లాదులు కారు. ఒకసారి త్రోయబడినవాడు రెండవసారి "ఏమీ లేదు" అనును. త్రోయని చోటు ఒకటి దొరికినచో, అచట మాట వచ్చును. వచ్చిన మాట మెల్లగ ఇంటికిని చేరును.

2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఏ వేళనైనను ఉచితముగ ఫోనుచేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. దుబాయినుండి ఫోనుచేయు తండ్రి తరువాతి శుక్రవారము మార్కుల మాట ఎత్తక, "రాత్రి నిద్ర పట్టినదా?" యని అడిగి, బదులు వచ్చువరకు ఊరకుండవచ్చును. ఆ మౌనము దీర్ఘముగనే ఉండును.

స్తంభమునుండి వెలువడిన స్వామి కోపమునకు లక్ష్మీదేవియు దగ్గరకు పోజాలకపోయెను. బాలుడు పోయి పాదములకు మ్రొక్కెను. స్వామి వాని తలపై చేయి ఉంచెను. కొంతసేపటికి వరము కోరుమనగా, తనను నేలకు త్రోసిన తండ్రి పాపవిముక్తుడు కావలెనని ప్రహ్లాదుడు అడిగెను.