నాది అంటే ఎంతవరకు నాది?

డబ్బిచ్చి కొనుక్కున్న వస్తువు మనదేనా? ఇదేం ప్రశ్నండీ అంటారు. పట్టుచీర కొంటాం. కడతాం, కూతురికిస్తాం, పాతబడితే మనవరాలికి పరికిణీ కుట్టిస్తాం. నేసినాయన వచ్చి "పదేళ్లయిందమ్మా, ఇక కట్టకండి" అనడు గదా!

కంప్యూటరు సంగతి అలా కాదు. డబ్బా మనదే. దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం షరతులమీద వాడుకోనిచ్చింది. అంటే అద్దె ఇల్లన్నమాట. 2015లో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్టు వారి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటూ అవీ వుండాలి. అవి లేని కంప్యూటర్లు నిక్షేపంలా పనిచేస్తున్నా ముసలివాటికింద లెక్క. తప్పంతా కంపెనీదే అనను. ఇల్లు వాళ్లది, షరతులూ వాళ్లవే.

సొంతిల్లు లాంటిది ఇంకొకటుంది. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే ప్రయత్నాన్ని ప్రకటించారు. ప్రోగ్రామును ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చొచ్చు, పంచిపెట్టొచ్చు. అదీ దాని ధర్మం. 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్కేళ్ల విద్యార్థి లినక్స్ మొదలుపెట్టాడు. ఆ రెండూ కలిసి ఈనాడు ఉబుంటు, మింట్ వంటి పేర్లతో దొరుకుతున్నాయి. పెన్‌డ్రైవులో వేసుకుని, లోపలున్నవేవీ చెరపకుండానే ముందు నడిపి చూడొచ్చు.

ఇంగ్లీషులో దీన్ని ఫ్రీ అంటారు. ఉచితానికీ స్వేచ్ఛకీ వాళ్లకదే మాట. మనకా చిక్కు లేదు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారని వేళాకోళం చేస్తాం. స్వేచ్ఛ గురించి ఎవరూ అలా అనరు. ఎందుకంటే దానికి ఖరీదుంది. సొంతింట్లో మేకు కొట్టడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. కప్పు కారితే పిలవడానికీ ఇంటివారుండరు. ప్రింటరు మొరాయించిందా, కూచుని నేర్చుకోవాలి. అలవాటైన ఫోటోషాప్ ఇందులోకి రాదా, దానికి బదులు మరొకటి వెతుక్కోవాలి.

"విప్పి చూడొచ్చు సరే. బి.ఏ. చదివినదానివి, విప్పితే నీకేం అర్థమవుతుంది?" అని మావారి ప్రశ్న. అర్థం కాదు. రాజ్యాంగం మాత్రం ఎంతమందికి అర్థమవుతుంది? తెలిసినవాళ్లు చదివి, తప్పుంటే నలుగురి ముందూ చెప్పగలరే, అదే నాకు రక్ష. తాళం వేసిన పెట్టెకు ఆ వీలు లేదు.

నన్ను వేధించే ప్రశ్న వేరు. ముక్కూ మొహం తెలియనివాళ్లు, కొందరు జీతానికీ కొందరు ఇష్టంకొద్దీ చేసిపెట్టినదాన్ని ఏమీ ఇవ్వకుండా వాడుకోవడం న్యాయమా? చట్టం అడగదు, మనసు అడుగుతుంది. ఊరిబావిలో నీళ్లు తోడుకున్నవాళ్లు పూడిక తీసేనాడు తలో చెయ్యీ వేసేవారు. నాకు ప్రోగ్రాములు రావు గాని తెలుగొచ్చు. తెరమీద ఇంగ్లీషులోనే మిగిలిన మాటలు బోలెడున్నాయి. వాటిని తెలుగు చేస్తామంటే ఎవర్నయినా రానిస్తారు. వారానికి పది మాటలు చేసినా పదే గదా!

రసీదు చూపించి నాది అనొచ్చు. చాకిరీ చేసి కూడా అనొచ్చు. రెండో "నాది"లో ఇంకా నలుగురికి చోటుంటుంది. కాదంటారా?