లేనిది ఉన్నట్టు చూపిస్తే తప్పా?

చీకట్లో తాడును చూసి పాము అనుకోవడం మన ఛానల్ చూసేవాళ్లందరికీ తెలిసిన ఉదాహరణే. ఒకదాని మీద ఇంకోదాన్ని ఇలా ఆరోపించడాన్ని అధ్యాస అంటారు. శంకరాచార్యుల బ్రహ్మసూత్ర భాష్యం మొదలయ్యేదే ఈ అధ్యాస చర్చతో. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. ఆగ్మెంటెడ్ రియాలిటీ గురించి చదివినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది.

అది పనిచేసే తీరు చూడండి. ఫోన్ కెమెరా గదిలోని అంచుల్ని, మూలల్ని గుర్తు పెట్టుకుంటుంది. ఫోన్ ఎటు కదిలిందో, ఎంత తిరిగిందో లోపలి సెన్సర్లు చెబుతాయి. ఈ రెండూ కలిపి, లేని సోఫాని మన హాల్లో నిజంగా ఉన్నట్టే నిలబెడుతుంది.

మరి ఇది అబద్ధమా? కాదనే అంటాను. సోఫా లేదని మనకి తెలుసు. తాడు దగ్గర భయపడిన మనిషికి పాము లేదని తెలీదు. తేడా అక్కడే ఉంది. తెలిసి చూసేది ఆట, తెలియక చూసేది భ్రమ.

కానీ తెలిసి ఆడే ఆటలో కూడా తప్పు జరగొచ్చు. 2016 జూలైలో పోకెమాన్ గో వచ్చింది. హిరోషిమా శాంతి స్మారక పార్కులో కూడా జనం ఫోన్లు పట్టుకుని బొమ్మ జీవుల కోసం వెతికారు. 1945లో అణుబాంబుకి బలైనవాళ్ల కోసం కట్టిన చోటు అది. తీసేయమని నగరపాలకులు అడిగారు. ఆగస్టు 6 స్మారక దినానికి ముందే తీసేశారు. ఆడినవాళ్లు ఎవరూ మోసపోలేదు. అయినా అక్కడ తలవంచి నిలబడ్డవాళ్లకి నొప్పి కలుగుతుంది కదా! అంటే చూసేవాడికి తెలిస్తే సరిపోదు, ఆ చోటుతో ముడిపడ్డవాళ్ల మనసు కూడా లెక్కలోకి రావాలి.

ఇంకో సంగతి. ఫోన్‌ని దించితే ఆట ఆగుతుంది. ఆ దించడం మన చేతిలో ఉంది. రేపు ఫోన్ స్థానంలో కళ్లద్దాలు వస్తే? 2024 ఫిబ్రవరిలో అమెరికాలో అమ్మకానికొచ్చిన యాపిల్ విజన్ ప్రో పెట్టుకుంటే ఎదుటి మనిషిని కూడా నేరుగా చూడం. కెమెరాలు తీసిన దృశ్యాన్నే లోపలి తెరల మీద చూస్తాం. అలాంటివి పొద్దస్తమానం పెట్టుకుని తిరిగితే, ఏది తాడు, ఏది పాము అని ఆగి చూసే అలవాటే పోవచ్చు. పైగా ఆ కెమెరాలకి దారిన పోయేవాళ్లు కూడా కనిపిస్తూనే ఉంటారు. వాళ్లని మనం అడగలేదు.

అందుకే నాలాంటివాళ్లు "ఎంత నిజంలా ఉంది?" అనే ఒక్క ప్రశ్న దగ్గర ఆగకూడదు. కలిపింది ఏదో చూసేవాడికి తెలుస్తుందా, ఆ చోటివాళ్లకి ఇష్టమేనా, ఒక్క క్షణంలో తీసేయొచ్చా అని కూడా అడగాలి. దీపం తెస్తే పాము పోయి తాడు మిగులుతుంది. మనం చేసే ఏ వస్తువైనా ఆ దీపాన్ని మనిషి చేతిలోంచి లాక్కోకూడదు.