దుర్భిణిలో కనిపించనిది



అన్నదమ్ములు గొడవపడి ఇంటి మధ్య గోడ కట్టుకుంటే, ఆ గోడను చూడటానికి మనం టిక్కెట్టు కొనుక్కొని వెళ్తామా? వెళ్లం. కాని ఒక దేశం రెండుగా చీలితే, ఆ చీలికను చూడటానికి బస్సుల నిండా జనం వెళ్తున్నారు. దక్షిణ కొరియాలో జరుగుతున్నది ఇదే.

1950లో మొదలైన కొరియా యుద్ధం 1953 జూలై 27న కాల్పుల విరమణతో ఆగింది. శాంతి ఒప్పందం మాత్రం నేటికీ కుదరలేదు. రెండు దేశాల మధ్య 4 కిలోమీటర్ల వెడల్పున, సుమారు 250 కిలోమీటర్ల పొడవున ఉన్న ప్రాంతాన్ని ‘సైనిక రహిత ప్రాంతం’ అంటారు. పేరు అదే గాని, అక్కడ కంచెలకూ మందుపాతరలకూ కొదువ లేదు.

సియోల్ నగరంలో ఉదయం బస్సెక్కిన యాత్రికుల పాస్‌పోర్టులను దారిలో సైనికులు తనిఖీ చేస్తారు. ఉత్తర కొరియా తవ్విందని చెప్పే సొరంగం 1978లో బయటపడింది. యాత్రికులు హెల్మెట్లు పెట్టుకొని అందులోకి దిగుతారు. డోరా కొండ మీది నుంచి దుర్భిణిలో ఆవలి పల్లెను, 160 మీటర్ల జెండా స్తంభాన్ని చూస్తారు. దూరాన ఒక మనిషి కదిలితే చాలు, “అదుగో, అదుగో!” అని ఒకరినొకరు పిలుచుకుంటారు. తిరిగి నగరం చేరి రాజభవనం చూస్తారు, మ్యాంగ్‌డాంగ్ అంగళ్లలో వస్తువులు కొంటారు. ఒకే రోజులో అన్నీ అయిపోతాయి.

ఇది తప్పా? తొందరపడి తీర్పు చెప్పలేం. ఎవరూ వెళ్లకపోతే ఆ గాయాన్ని లోకం మరచిపోతుంది. చూసినవారిలో కొందరైనా యుద్ధమంటే భయపడి, శాంతిని కోరుకుంటారు. కనుక చూడటం పాపం కాదు. మరి ఏ మనసుతో చూస్తున్నాం? అసలు ప్రశ్న ఇదే.

సరిహద్దు దగ్గర ఇమ్జింగాక్ అనే చోట ఒక వేదిక ఉంది. ఉత్తరాన పుట్టి, యుద్ధంలో ఇటు వచ్చి చిక్కుకుపోయిన వృద్ధులు పండుగ రోజుల్లో అక్కడికి వచ్చి, తమ ఊరి వైపు తిరిగి పెద్దలకు నమస్కరిస్తారు. దానికి దగ్గరలోనే పిల్లల ఆటల పార్కు! విడిపోయిన తమవారిని కలిపించమని 1,30,000 మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. వారిలో సగానికి పైగా ఇప్పటికే కన్నుమూశారు. కుటుంబాలను చివరిసారి కలిపింది 2018 ఆగస్టులో. మనం సరదాగా దుర్భిణి పెట్టి చూసే ఆ కొండల్లోనే ఎవరి తల్లి సమాధో ఉంది. ఆ సంగతి దుర్భిణిలో కనిపించదు.

పన్ముంజోమ్‌కు వెళ్లేవారికి ఒక నియమం చెబుతారు: ఉత్తరాది సైనికుల వైపు వేలు చూపకూడదు, సైగలు చేయకూడదు. ఇది భద్రత కోసం పెట్టిన నియమమే. కాని మనసుకు కూడా ఇదే నియమం కావాలి. ఎదుటివాణ్ణి వింత జంతువులా వేలెత్తి చూపినప్పుడు, అతడు మనిషన్న సంగతి మరచిపోతాం. మన ఇంటి దుఃఖాన్ని ఎవరైనా అలా చూస్తే సహించగలమా?

ఆ అంగళ్ల వీధి పక్కనే 1898లో ప్రతిష్ఠించిన కతోలిక కథీడ్రల్ ఉంది. 2014 ఆగస్టు 18న పోపు ఫ్రాన్సిస్ గారు శాంతి, సఖ్యతల కోసం అక్కడ దివ్యబలిపూజ అర్పించారు. సియోల్ అగ్రపీఠాధిపతులే ఉత్తరాన ఉన్న ప్యాంగ్యాంగ్ మేత్రాసనానికి కూడా పాలనాధికారి. ఆ విచారణలను వారు స్వేచ్ఛగా దర్శించలేరు. అయినా ఆ బాధ్యతను వదులుకోలేదు. కంటికి కనిపించని బిడ్డలను సైతం తమవారిగా ఎంచుకోవడమంటే ఇదే!

మీ పిల్లలు చదువుకో, ఉద్యోగానికో విదేశాలకు వెళ్లి ఇలాంటి చోట నిలబడి ఫోటో పంపవచ్చు. సంతోషించండి. తరువాత “ఏమి చూశావు?” అనే కాక, “అక్కడివాళ్ల కష్టమేమిటో తెలుసుకున్నావా?” అని కూడా అడగండి.