ఎదర కాస్త చోటు

మన ఆడవాళ్లకి ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. గోడ ఖాళీగా ఉంటే ఓ క్యాలెండరు, బల్ల ఖాళీగా ఉంటే ఓ ప్లాస్టిక్ పూలకుండీ, మధ్యాహ్నం ఓ గంట ఖాళీగా ఉంటే చింతపండులో గింజలు తీసే పని. ఖాళీ అంటే వృథా అని చిన్నప్పట్నుంచీ నూరిపోశారు మరి! కానీ ముగ్గు దగ్గరకొచ్చేసరికి ఈ పాఠం మనమే మర్చిపోతాం. చుక్కకీ చుక్కకీ మధ్య చోటు లేకపోతే అది ముగ్గు కాదు, పిండి ఒలకబోసినట్టు ఉంటుందని పదేళ్ల పిల్లకి కూడా తెలుసు.

అడవి పిట్టల్ని ఫొటోలు తీసేవాళ్ల సూత్రమూ ఇంచుమించు ఇదే. కొత్తగా కెమెరా పట్టినవాళ్లు ఫొటో నిండా పిట్టే ఉండాలని తాపత్రయపడతారు. చెయ్యి తిరిగినవాళ్లు పిట్టని ఓ పక్కకి జరుపుతారు. అది ఎటు చూస్తోందో అటువైపు చోటు వదులుతారు. ఎగిరే పిట్టయితే ఎదర ఇంకా ఎక్కువ ఖాళీ ఉంచుతారు. ముక్కు వెళ్లి అంచుకి తగిలిందంటే అది ఆకాశంలో ఉన్నా పంజరంలో ఉన్నట్టే కనిపిస్తుంది. సుమారు 800 ఏళ్ల కిందట చైనాలో మా యువాన్ అనే చిత్రకారుడు కొండనో చెట్టునో ఓ మూల వేసి, మిగతా పటమంతా ఖాళీగా వదిలేసేవాడట. 'మూల మా' అని ఆయనకి ముద్దుపేరు కూడా వచ్చింది.

సరే, ఇది అందానికి సంబంధించిన సంగతేనా? నాకైతే ఇందులో ధర్మానికి సంబంధించిన ప్రశ్న ఒకటి దాగి ఉందనిపిస్తుంది. ఆ ఖాళీ ఎవరిది? ఫొటో తీసేవాడిదా, పిట్టదా?

అనంతపురం జిల్లా వజ్రకరూరు సంగతే తీసుకోండి. పేరులోనే వజ్రం ఉన్న ఊరు. తొలకరి నాలుగు చినుకులు పడగానే ఎక్కడెక్కడి జనమో వచ్చి, చేలల్లో తలలు వంచుకుని అడుగడుగూ వెతుకుతారు. వానకి మట్టి కొట్టుకుపోతే ఏ మూలనో ఓ వజ్రం మెరుస్తుందని ఆశ. వాళ్ల కంటికి అక్కడ ఖాళీ లేదు, ఉన్నదంతా అదృష్టమే. దారిన పోయే మనబోటివాళ్ల కంటికేమో ఎర్రమట్టి, గులకరాళ్లు, వేరుశనగ చేలు, పైన బోలెడంత ఆకాశం. 'ఏముందమ్మా ఇక్కడ!' అనేస్తాం.

అక్కడ తీతువు గూడు ఉంటుంది. గూడంటే పుల్లలూ పీచూ కాదు. నేలమీద చిన్న గుంట, అందులో రాళ్లలో రాళ్లలా కలిసిపోయే మూడు నాలుగు గుడ్లు. మార్చి నుంచి ఆగస్టు దాకా ఎక్కువగా వాటి కాన్పుల కాలం. ఎండ మండిపోతుంటే తల్లిపిట్ట నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మనం దగ్గరికి వెళ్లామా, గుడ్లు వదిలేసి నెత్తిమీద గిరగిరా తిరుగుతూ గోల పెడుతుంది. ఆ అరుపు విని కీడు అనుకుంటాం. కీడే, కానీ మనకి కాదు, ఎండలో మాడే ఆ గుడ్లకి! ముచ్చటపడి ఇంకో రెండడుగులు ముందుకేసి తీసిన ఫొటో ఎంత బాగున్నా, దాని ఖరీదు ఆ పిట్ట చెల్లించింది.

ఇంతకన్నా పెద్ద కథ బట్టమేక పక్షిది. మీటరు ఎత్తు, మగదైతే పదిహేను కిలోల దాకా బరువు. అడవుల్లో కాదు, ఇలాంటి బయలు నేలల్లోనే బతుకుతుంది. మామూలుగా ఏడాదికి ఒక్క గుడ్డు. దానికోసమే కర్నూలు వైపు రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టారు. ఇవాళ దేశం మొత్తం మీద స్వేచ్ఛగా తిరిగేవి 150కి మించవని అంచనా. దాని కళ్లు పక్కలకి ఉంటాయి. పక్కలూ కిందా బాగా కనిపిస్తాయిగానీ, ఎదర సరిగ్గా కనిపించదు. ఎదర ఖాళీయే అనుకుని ఎగురుతూ వెళ్లి కరెంటు తీగలకి కొట్టుకుంటుంది. ఒళ్లు బరువు, చటుక్కున పక్కకి తిరగలేదు. ఫొటోలో ముక్కు ముందు చోటు వదలమన్న సూత్రం ఇక్కడ చావుబతుకుల సమస్య అయి కూర్చుంది.

'అయితే తీగలు పీకెయ్యమంటావా తల్లీ?' అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఉరవకొండ పక్క గాలిమరలు తిరుగుతున్నాయంటే ఆ కరెంటు మన మిక్సీలకే వస్తోంది. రాజస్థాన్, గుజరాత్‌లలో తీగలు భూమిలోపల వెయ్యమని 2021లో చెప్పిన సుప్రీంకోర్టే, 2024లో ఆ మాటని సడలించి నిపుణుల కమిటీని వేసింది. రోళ్లపాడు చుట్టుపక్కల కృష్ణజింకలు చేలు మేస్తే నష్టపోయింది రైతే. అప్పుల్లో మునిగి వజ్రం వెతుక్కునేవాడికి 'కాస్త చోటు వదులు నాయనా' అని నీతులు చెప్పే అర్హత నిండుగా భోంచేసిన మనకి ఎక్కడిది? ఖాళీ ఊరికే రాదు, దానికీ ఓ ధర ఉంది. ఆ ధరని లేనివాళ్ల నెత్తిన రుద్ది, అందాన్ని మనం అనుభవిస్తామంటే అది ధర్మం కాదు. పిట్టకి చోటు కావాలనుకునేవాళ్లు రైతు నష్టంలోనూ పాలు పంచుకోవాలి.

ఇక మిగిలింది మన ఇళ్ల సంగతి. పిట్ట వెనకాల ఎంత ఖాళీ వదిలినా ఫొటో బాగుపడదు. చూపు ఉన్న వైపే వదలాలి. ఆడపిల్లకి 'ఏం తక్కువ చేశాం? తిండా, బట్టా, నగలా?' అంటారు. నిజమే, ఏమీ తక్కువ చెయ్యలేదు. కానీ అవన్నీ వెనకవైపు చోటు. ఆ పిల్ల చూపు ఎటు ఉందో అడిగామా? చదువుకోవాలని చూసే పిల్లకి పెళ్లిచూపులు అడ్డం పెడతాం. ఉద్యోగం కోసం ఇంకో ఊరు చూసే కొడుకు ముందు మన కన్నీళ్లు అడ్డం పెడతాం. అదంతా ప్రేమే అంటాం. గూటి దగ్గరికి ఇంకో రెండడుగులు వేసేవాడిదీ ప్రేమే మరి!

అంచేత ప్రేమించడం అంటే దగ్గరికి వెళ్లడం ఒక్కటే కాదు. ఎక్కడ ఆగాలో తెలిసి ఆగిపోవడం కూడా. అలా ఆగిన చోట మిగిలే ఖాళీ మనది కాదు, అవతలివాళ్ల రెక్కలది.