పరీక్షాగృహము వెలుపల

సంగీతపరీక్ష ముగించుకొని వెలుపలికి వచ్చిన బాలిక ముందుగా చూచునది తండ్రి మొగమును. అందు మార్కుల ప్రశ్నయే వ్రాసియున్నచో ఆమె పాడిన మోహనవర్ణ మెవరికొరకు? సరళీవరుసలు మూడు కాలములందును నిలుచుటకు మాసములు పట్టును; ఆ మాసములలో ప్రక్కను కూర్చుండి వినినవా రెందరు? జీతము చెల్లించుటయే ప్రోత్సాహమని మన భ్రమ. నేనును అట్టివాడనే.

1919లో విజయనగర సంగీత కళాశాలకు విద్యార్థిగా చేరవచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు విని, ఆదిభట్ల నారాయణదాసుగారు వారి నాచార్యునిగానే నియమించిరి. ఈ కథ చెప్పి పిల్లలను తొందరపెట్టుదుము. అంతకుముందు ఇంటిలో అన్నగారు వారికి ఓపికతో ఫిడేలు నేర్పిన సంగతి మాత్రము చెప్పము.

నిన్న మా అమ్మాయి పరీక్షలో తప్పిన చిట్టస్వరమును తిరిగి పాడుకొనుచుండగా పత్రిక మడిచి వినుచు కూర్చుంటిని.

"పరీక్ష అయిపోయినది గదా, నాన్నగారూ! ఇంకను ఎందుకు వినుచున్నారు?" అని యడిగినది.